ఆ రిబ్బన్లు పారేయకండి, రిహార్సల్‌కి కావాలి

చేతిపని: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. ఆఫీసులో నాతో పనిచేసే అమెరికన్ అమ్మాయి తన పెళ్లికి నన్ను తోడిపెళ్లికూతుళ్లలో ఒకదాన్ని చేసింది. వచ్చే నెల బ్రైడల్ షవర్ (పెళ్లికి ముందు స్నేహితులూ చుట్టాలూ పెళ్లికూతురికి కానుకలిచ్చే వేడుక), ఆ తర్వాత మూడు వారాలకు పెళ్లి. తోడిపెళ్లికూతుళ్లలో పెద్ద, అంటే మెయిడ్ ఆఫ్ ఆనర్, అందరికీ పనులు పంచుతూ "రిబ్బన్ బొకే నువ్వు చెయ్యి" అంది. అదేంటో తెలియకుండానే సరే అనేశాను. తర్వాత ఫొటోలు చూస్తే పేపర్ ప్లేటుకి రిబ్బన్లు గుచ్చి ఉన్నాయి. అది దేనికి? ఎంత పెద్దది చేయాలి? నాకు రిబ్బన్‌తో జడ వేయడం తప్ప ఇంకేం రాదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ప్లేనో, టెక్సస్

జవాబు: జడకి రిబ్బన్ కట్టి, సాయంత్రం దాకా జారకుండా ఉంచగలిగితే మీకు సగం పని వచ్చినట్టే. టెన్షన్ వద్దమ్మా.

ముందు అది దేనికో చెప్తాను. పెళ్లి రిహార్సల్‌లో పెళ్లికూతురు పూలబొకేకి బదులు పట్టుకునేది అది. రిబ్బన్లు వచ్చేది షవర్‌లో. మన పెళ్లిళ్లలో చదివింపులు ఎవరు ఎంతిచ్చారో పుస్తకంలో రాసుకుంటాం గానీ, డబ్బాలు మాత్రం హడావిడంతా అయ్యాక ఇంట్లో కూర్చుని విప్పుకుంటాం. షవర్‌లో అలా కాదు. పెళ్లికూతుర్ని మధ్యలో కూర్చోబెట్టి, అందరి ఎదుటా ఒక్కొక్కటే విప్పిస్తారు. ఎవరు ఏమిచ్చారో పక్కన ఒకమ్మాయి రాసుకుంటుంది, తర్వాత థాంక్యూ కార్డులు పంపాలి కాబట్టి. ఇంకో అమ్మాయి రిబ్బన్లూ, బోలూ (రిబ్బన్‌ని పువ్వులా ముడేసినవి) ఏరి పెట్టుకుంటుంది. ఆ రెండో అమ్మాయి మీరు. రెండు పనులూ మీరే నెత్తిన వేసుకోకండి, ఏదో ఒకటి చెడుతుంది.

ఇక రిహార్సల్. సాధారణంగా పెళ్లికి ముందురోజు సాయంత్రం అందరూ పెళ్లిచోటికే వెళ్లి, ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి అన్నీ ఒకసారి చేసి చూసుకుంటారు. అసలు పూలబొకే వచ్చేది పెళ్లిరోజున. ఉత్త చేతులతో నడవమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచదు. పైగా ఉంగరాలు మార్చుకునే ముందు పెళ్లికూతురు బొకేని మెయిడ్ ఆఫ్ ఆనర్ చేతికివ్వాలి, తంతు అయ్యాక మళ్లీ తీసుకోవాలి. ముసుగుతో, పొడుగాటి గౌనుతో, కింద తొక్కకుండా ఆ ఇచ్చిపుచ్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. అది అలవాటు కావడానికే ఈ రిబ్బన్ బొకే. స్నేహితులూ చుట్టాలూ ఇచ్చిన కానుకల రిబ్బన్లే అందులో ఉండటం దాని ముచ్చట.

అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒక్కటే: పిడి బాగా చేయండి. నేను చూసిన వాటిలో చాలా బొకేలకు పైన సింగారమే తప్ప కింద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పాపం ఆ పిల్ల ప్లేటు అంచు రెండు వేళ్లతో పట్టుకుని నడుస్తుంది. అలా నడిచి ఏం నేర్చుకున్నట్టు?

షవర్‌కి వెళ్లేటప్పుడు ఒక పెద్ద కాగితపు సంచీ, చిన్న కత్తెర, మాస్కింగ్ టేపు, పెన్ను తీసుకెళ్లండి. రిబ్బన్లు సంచీలో కుక్కకండి, విడిగా జారవిడవండి. పెళ్లికూతురి అమ్మ, అమ్మమ్మ, నానమ్మ, కాబోయే అత్తగారు, వీళ్ల కానుకల రిబ్బన్లు చేతికి రాగానే కొసకి చిన్న టేపు ముక్క అంటించి పేరు రాసేయండి. ఇంటికొచ్చాక అన్నీ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియదు. బొకే మధ్యలో పెట్టాల్సినవి అవే. ఎంత పాతకాలపు రంగైనా సరే, అమ్మమ్మ రిబ్బన్ నడిమధ్యే ఉండాలి.

కొన్నిచోట్ల కానుకలు విప్పుతుండగానే బొకే కూడా అక్కడికక్కడే పూర్తి చేసేస్తారు. చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది గానీ, అలా చేసింది రిహార్సల్‌కి వచ్చేసరికి ఊడిపోతుంది. అడిగితే నాలుగు బోలు గుచ్చి చూపించండి, మిగతాది ఇంట్లో కూర్చుని చేసుకోండి. మీకు మూడు వారాలుంది.

ప్లేటు సంగతి. పల్చటి, వంగిపోయే ప్లేటు వద్దు. కాగితపు గుజ్జుతో అచ్చుపోసిన గట్టి ప్లేట్లు దొరుకుతాయి, అవి తీసుకోండి. 9 అంగుళాల భోజనం ప్లేటు కన్నా 6, 7 అంగుళాల చిన్న ప్లేటే మేలు. పెద్దదైతే నింపలేక అవస్థపడతారు, పెళ్లికూతురి నడుమంతా కప్పేస్తుంది. రెండు ప్లేట్లు ఒకదానిలో ఒకటి పెట్టి అంటించండి. కింద దళసరి అట్ట పెట్టుకుని, బ్లేడుతో ప్లేటు మధ్యలో ప్లస్ గుర్తులా రెండు చిన్న గాట్లు పెట్టండి. దాని చుట్టూ ఒక వరుస, ఆ బయట ఇంకో వరుస. గుండ్రటి బెజ్జాలు చేస్తే రిబ్బన్ జారిపోతుంది. ప్లస్ గాటైతే దాని నాలుగు రెక్కలూ రిబ్బన్‌ని కరుచుకుని ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద బో మధ్యలో. దాని రెండు కొసలూ గాటులోంచి కిందికి లాగి, వెనక ముడేసి, ముడి మీద టేపు. తర్వాత లోపలి వరుస, ఆఖర్న బయటి వరుస. కొసలు కత్తిరించకండి, అన్నీ కిందికే వేలాడనివ్వండి. పిడికి అవే కావాలి.

ఇప్పుడు పిడి. బొటనవేలంత లావున్న చెక్క కర్ర ముక్క, సుమారు 6 అంగుళాలది తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో డోవెల్ అంటే ఇస్తారు. నాలుగైదు లావు పెన్సిళ్లు కలిపి టేపు చుట్టినా సరిపోతుంది. ప్లేటు కింద మధ్యలో దాన్ని నిలబెట్టి, వేలాడే కొసలన్నీ చుట్టూ సర్ది, ప్లేటుకి ఆనించి దారంతో గట్టిగా కట్టేయండి. ఆ కట్టు మీది నుంచి ప్లేటు వీపు మీదికి నాలుగు పక్కలా టేపు పట్టీలు అంటించండి. ఊపి చూడండి. తల ఊగితే ఇంకో నాలుగు వేయండి.

దాని మీద ఫ్లోరల్ టేపు, అంటే పూలకాడలకు చుట్టే టేపు, చుట్టాలి. చాలామంది అది కొని "అంటుకోవడం లేదు" అని పక్కన పడేస్తారు. దాని మీద మైనం ఉంటుంది, మామూలుగా పట్టుకుంటే జిగురే తెలియదు. చుడుతూ సాగదీయాలి, సాగితేనే అంటుకుంటుంది. దానిపైన ఒకటిన్నర అంగుళాల వెడల్పు శాటిన్ రిబ్బన్, షాపుల్లో 9వ నంబరు అంటారు, కింది నుంచి పైకి ఏటవాలుగా చుట్టుకుంటూ వచ్చి, కొసని లోపలికి మడిచి ముత్యపు తల గుండుసూది గుచ్చండి. సూది మొన పైకి చూస్తూ, కర్ర పక్కనే రిబ్బన్ కొసల్లోకి దిగాలి. అడ్డంగా గుచ్చితే అవతలికి వచ్చి పెళ్లికూతురి అరచేతిలో దిగుతుంది.

ఇంకో మాట. రిబ్బన్లకు బరువుండదు, గులాబీల బొకేకి బాగా ఉంటుంది. ఫ్లోరల్ టేపు చుట్టే ముందు కర్ర కింది భాగంలో రెండు మూడు ఇనుప వాషర్లు పెట్టి టేపేసేస్తే చేతికి కాస్త బరువు తెలుస్తుంది. అసలు బొకే ఏ ఆకారమో కూడా అడగండి. గుండ్రంగా ఉండేదైతే కొసలు ప్లేటు కిందే ఉంచండి. ముందుకు జాలువారే రకమైతే పొడుగు రిబ్బన్లు కొన్ని ముందువైపు వదలండి, నడిచేటప్పుడు అవి కాళ్లకు తగులుతాయో లేదో ఆ సాయంత్రమే తేలిపోతుంది.

రిబ్బన్ల జాగ్రత్తలు: శాటిన్ పోగులు ఊడుతుంది. కొస ఏటవాలుగా కత్తిరించి, కొవ్వొత్తి మంట పక్కగా ఒక్క క్షణం చూపిస్తే అంచు కరిగి గట్టిపడుతుంది. మంట పైన పెడితే మసి పడుతుంది. ఇది పాలియెస్టర్‌కే, నూలు రిబ్బన్‌కీ కాగితపు రిబ్బన్‌కీ కాదు, వాటికి నిప్పంటుకుంటుంది. నలిగిన శాటిన్ మీద పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయొచ్చు. కానుకలకు కట్టే సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్‌కి మాత్రం ఇస్త్రీ పెట్టె చూపించకండి, ముడుచుకుపోయి పెట్టెకి అతుక్కుంటుంది. దానికి మళ్లీ ఉంగరాలు తిరగాలంటే మెరుపు లేని వైపు కత్తెర అంచు ఆనించి, ఇవతల నుంచి బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఒకే ఊపున నిదానంగా లాగండి. గబుక్కున లాగితే వదులు చుట్టలే వస్తాయి.

ప్రశ్న: మా చెల్లెలి స్నేహితురాలి షవర్ అయిపోయింది. అందరూ గిఫ్ట్ బ్యాగులే తెచ్చారు. చివరికి నా చేతిలో మిగిలినవి అంటించే స్టార్ బోలు ఓ గుప్పెడు, బోలెడు టిష్యూ కాగితం, నాలుగైదు రిబ్బన్ ముక్కలు. కొత్త రోల్ కొని చేసేయనా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పిడికి చుట్టే తెల్ల శాటిన్ ఒక్కటి కొనండి చాలు. మిగతాదంతా కొన్నదే అయితే అది ఆ షవర్ బొకే ఎలా అవుతుంది? షాపు బొకే అవుతుంది. మీ దగ్గరున్న సరుకు తక్కువేం కాదు.

స్టార్ బోల అడుగున చిన్న అట్ట, దానికి జిగురు ఉంటాయి. ఆ జిగురుని నమ్ముకోవద్దు, ఎండలో కారులో పెడితే వదిలేస్తుంది. అట్ట పక్కనున్న కింది మడతలోంచి సన్నటి తీగ దూర్చి, రెండు కొసలూ మెలిపెట్టి, ప్లేటు గాటులోంచి వెనక్కి లాగి పరిచేయండి. కొందరు ప్లేటుకి బదులు థర్మోకోల్ బంతి వాడతారు, గుండ్రంగా బాగుంటుంది. దాని మీద గ్లూ గన్ వేడివేడిగా పెట్టకండి, బంతి కరిగి గుంటలు పడుతుంది. గుండుసూదులే మేలు.

టిష్యూ కాగితంతో పూలు చేయండి. ఆరేడు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగైదు అంగుళాల చదరాలుగా కత్తిరించి, విసనకర్ర మడతలు పెట్టి, నడుముకి తీగ బిగించి, రెండు కొసలూ గుండ్రంగా కత్తిరించండి. తర్వాత ఒక్కొక్క పొరే మెల్లగా పైకి లేపితే ముద్దబంతి తయారు. తొందరపడి రెండు పొరలు కలిపి లాగారా, చిరిగిందే.

గిఫ్ట్ బ్యాగులకు చేతితాళ్లు ఉంటాయి కదా, అవి రిబ్బన్‌వైతే అవీ ఊడదీయండి. అంగుళం వెడల్పున్న ముక్క మూర పొడుగుంటే ఒక గులాబీ వస్తుంది. ముక్క నడిమికి ఎల్ ఆకారంలో మడవండి. కింద ఉన్న కొసని పైకి తెచ్చి మడత మీదుగా వేయండి, మళ్లీ కింద ఉన్న దాన్ని పైకి. చదరాలు ఒకదాని మీద ఒకటి దొంతరగా లేస్తాయి. చివరికి వచ్చాక రెండు కొసలూ ఒక చేత్తో పట్టుకుని, మడతలు వదిలేసి, ఒక కొస మాత్రం మెల్లగా లాగండి. మడతలు లోపలికి తిరుగుతూ రేకులవుతాయి. మధ్య చుక్క కనబడగానే ఆపి, అడుగున సూదితో రెండు కుట్లు వేయండి. ఇంకా లాగితే పువ్వు లోపలికి పోయి మళ్లీ రిబ్బన్ చేతికొస్తుంది.

మిగిలిన చిన్న ముక్కలకు మన విద్య ఉండనే ఉంది. రెండేసి అంగుళాల ముక్కల్ని సగానికి మడిచి, కొసలు నలిపి కాడలా చేసి, మల్లెపూలు కట్టినట్టు ఎదురెదురుగా పెట్టి, దారం ఒక చుట్టు తిప్పి ఉచ్చులోంచి లాగి బిగించండి. శాటిన్ జారుతుంది, కాబట్టి పూలకు వేసే చుట్టుకి ఇంకో చుట్టు కలపండి, సిల్కు దారం కాకుండా నూలు దారం వాడండి. ఆ మాలని ప్లేటు అంచు చుట్టూ కుడితే, ఇక ప్లేటు కనబడదు. ఆ దండ ఎలా కట్టావని మీ చెల్లెలి స్నేహితురాలు తప్పకుండా అడుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికా అబ్బాయితో సంబంధం కుదిరింది. పొద్దున్న మన పద్ధతిలో పెళ్లి, సాయంత్రం వాళ్ల పద్ధతిలో. షవర్‌లో అమ్మాయి రిబ్బన్ తెంపగానే అందరూ ఒకటే నవ్వులు. తెగిన ప్రతి రిబ్బన్‌కీ ఒక బిడ్డ పుడుతుందట! మా అత్తగారు "తెంపడం అశుభమేమో" అని పట్టుకున్నారు. ఆమెకేం చెప్పను? మన పెళ్లిలో ఈ బొకే ఎక్కడైనా వాడొచ్చా?
– ఒక తల్లి, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: అశుభం కాదని అత్తగారికి చెప్పండి. అది వాళ్ల సరదా లెక్క. పెళ్లికూతురు ముడులు జాగ్రత్తగా విప్పాలని చూస్తుంది, స్నేహితురాళ్లు కావాలనే కత్తెర చేతికిస్తారు. మన దగ్గర పెళ్లికూతురిని పేరు చెప్పమని గుమ్మంలో ఆపేయరూ, అలాంటి అల్లరే. వాళ్లకూ పట్టింపులుండేవి: పెళ్లికూతురు తన రిహార్సల్‌లో తానే నడిస్తే మంచిది కాదని, బదులుగా ఒక స్నేహితురాలిని నడిపించి, తను పక్కన కూర్చుని చూసేది. ఇప్పుడు ఎవరి రిహార్సల్‌లో వాళ్లే నడుస్తున్నారు. బొకే చేసే మనిషి మాత్రం ఆ తెగిన రిబ్బన్లనే ముందు ఏరుకోవాలి. ముక్కలైతే ఏం, గులాబీలకు పనికొస్తాయి.

మన పెళ్లిలో బొకేకి చోటు లేదండీ. మండపానికి వచ్చేటప్పుడు అమ్మాయి చేతుల్లో కొబ్బరి బోండాం ఉంటుంది కదా. నన్నడిగితే అసలు రిహార్సల్ కావాల్సింది దానికే. పట్టుచీర, పూలజడ, వడ్డాణం, వాటితో పాటు రెండు చేతుల మధ్య జారిపోయే బరువైన బోండాం! ముందురోజు ఎలాగూ అందరూ చేరతారు, అప్పుడే అమ్మాయి చేత బోండాం పట్టించి పది అడుగులు వేయించండి. షవర్‌లో మిగిలిన బంగారు రంగు రిబ్బన్ ఏదైనా ఉంటే బోండాం నడుముకి చుట్టండి. అద్దాలూ ముత్యాలూ అతికించిన చోట వేళ్లు జారతాయి, రిబ్బన్ ఉన్నచోట పట్టు దొరుకుతుంది.

ప్రశ్న: మా అక్కకి చర్చిలో పెళ్లి. ముందురోజు రిహార్సల్ పెట్టమని అడిగాం, ఫాదర్ ఒప్పుకున్నారు. మనకి షవర్లు లేవు కదా, రిబ్బన్లు ఎక్కడివి? అక్క తెల్లచీర, ముసుగు వేసుకుంటుంది.
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఇంట్లోనే ఉన్నాయి. పెళ్లి బట్టల పెట్టెలు, స్వీటు పెట్టెలు, శుభలేఖలకు కట్టినవి, మీరిద్దరూ బడికెళ్లేటప్పుడు రెండు జడలకు కట్టుకున్న రిబ్బన్లు అమ్మ దాచి ఉంటే అవీ. మీ అక్క బొకేకి వాటికన్నా మంచివి ఏ ఫ్యాన్సీ షాపులోనూ దొరకవు. ఉతికి, ఆరబెట్టి వాడండి.

ముసుగుతో, చీరతో చెరో చిక్కుంది. అంచుల్లో తీగ ఉండే రిబ్బన్ల కొసలు ముసుగు నెట్‌కి పట్టుకుంటాయి, లాగితే నెట్ చిరుగుతుంది. తీగ కొసలన్నీ లోపలికి వంచి టేపేయండి. రిహార్సల్‌కి అక్క చుడీదార్‌లో వెళ్తే లాభం లేదు, ఏదో ఒక చీర కట్టుకుని, ఓ పాత చున్నీ ముసుగులా వేసుకుని నడవమనండి. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవడానికి ఒక చెయ్యి పోతుంది, బొకే ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. అందుకే మీరు చేసే పిడి సన్నంగా ఉండాలి, ఆమె పిడికిట్లో ఇమిడేలా. కొలత కోసం ఆమె చేతికి చపాతీ కర్ర పిడి ఇచ్చి చూడండి.

ప్రశ్న: రిహార్సల్ అయ్యాక ఈ బొకేని ఏం చేస్తారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొందరు అట్టపెట్టెలో టిష్యూ కాగితం మధ్య దాచుకుంటారు. ఎండ తగలని చోట పెట్టాలి, లేకపోతే రంగులు వెలుస్తాయి. కొందరు మర్నాడు విందులో పెళ్లికూతురు వెనక్కి తిరిగి పెళ్లికాని అమ్మాయిల వైపు బొకే విసిరే ఆటకి దీన్నే వాడి, ఖరీదైన పూలబొకేని కాపాడుకుంటారు. మంచి ఆలోచనే. కాకపోతే విసిరే ముందు వాషర్లూ గుండుసూదులూ అన్నీ తీసేసి, పిడికి రిబ్బన్ ముడి మాత్రమే ఉంచండి.